ద్వారము వెలుపలి సిద్ధాంతములు

ఐన్‌స్టీన్ పొరపడెననియు, శాశ్వత చలనయంత్రము సాధ్యమేననియు, కాంతికంటె వేగముగ పోవచ్చుననియు నిరూపించితిమని చెప్పువారి లేఖలు విశ్వవిద్యాలయములకు ఏనాడును కొరవడలేదు. వ్రాయువారిలో విశ్రాంత ఇంజనీరులు కలరు, ఉపాధ్యాయులు కలరు, ఇరువదియేండ్లు నిండని విద్యార్థులును కలరు. వంచకులు తక్కువ. ఏండ్లతరబడి నిద్రమాని, ఇంటివారి మందలింపులు సహించి వ్రాసినవారే యెక్కువ. వీరికి శాస్త్రలోకము ఏమని బదులు చెప్పవలెను? అసలు బదులు చెప్పక యూరకుండుట న్యాయమా? ఈ ప్రశ్న నేడు మునుపటికంటె బరువైనది. అందుకు కారణమును మొదట చెప్పుదును.

1991లో పాల్ గిన్స్‌పార్గ్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు, వ్యాసములు పత్రికలలో అచ్చగుటకు ముందే తోటివారికి అందునట్లు ఒక భాండారమును నెలకొల్పెను. నేడు ఆర్కైవ్ అను పేర ప్రసిద్ధమైనది అదియే. పత్రికలవారి పరిశీలనకు నెలలు పట్టును. అంతవరకు చదువదలచినవాడు ఏల ఆగవలెను అని దాని తలంపు. తలుపు తెరచినంతనే అందరును వచ్చిరి. 2004లో ఒక నియమము పుట్టెను: క్రొత్తవాడు అచట అంతకుముందు వ్రాసియున్న యొకని హామీ తేవలెను. హామీ దొరకనివారికి కోపము వచ్చుట సహజము. 2009లో ఫిలిప్ గిబ్స్ అను నతడు ఎవరినైనను రానిచ్చు మరియొక భాండారమును తెరచి, మొదటిదాని పేరులోని అక్షరములను తలక్రిందుచేసి దానికి విక్స్‌రా అని పేరు పెట్టెను. అందు హామీ అక్కరలేదు. గింజను పొల్లునుండి వేరుచేయు పని మాత్రము పూర్తిగ చదువరిదే. వ్రాయువారు పెక్కురై చదువువారు కొందరే యైన చోట ఆ పని ఎవరు చేయుదురు?

2025 అక్టోబరు చివర ఆర్కైవ్ వారు కంప్యూటరు శాస్త్రవిభాగమున తలుపును ఇంకను బిగించిరి. సమీక్షావ్యాసములు, అభిప్రాయవ్యాసములు పత్రికలోనో సదస్సులోనో తోటి శాస్త్రజ్ఞుల పరిశీలనను దాటి వచ్చినగాని తీసికొనమనిరి. కృత్రిమ మేధ సాయముతో నిమిషములమీద తయారగు వ్రాతలు వెల్లువెత్తుటయే యిందుకు హేతువు. పూర్వము వెలుపలివాని వ్రాతను మొదటి పుటలోనే గుర్తింపగలిగెడివారు. పరిభాష తెలియదు, వాక్యము కుదురుగ నడువదు, ఆశ్చర్యార్థకములు అడుగడుగునను. నేడు యంత్రము ఏ ఊహకైనను శాస్త్రవ్యాసపు వేషము వేయగలదు. తెలుగు చదివినవారికి ఇది వింతగాదు లెండి. యతిప్రాసలు ఎచటను తప్పని పద్యమున కవిత్వము మచ్చునకైన లేకుండుట మనము ఎన్నిసార్లు చూడలేదు! ఇన్నాళ్లు రూపమును చూచి వడపోసినవారు ఇక విషయమునే చూడక తప్పదు. చూచుటకు చాలినంత మంది లేరు.

పీర్ రివ్యూ అని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ తోటివారి పరిశీలన సనాతన ధర్మమువలె అనాదిగ వచ్చుచున్నదని విద్యార్థులు భావింతురు. అట్లు కాదు. నేచర్ పత్రిక ప్రతి వ్యాసమునకు దీనిని తప్పనిసరి చేసినది 1973లో. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణమును లోకమునకు తెలిపిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసము ఆ పత్రికలోనే ఇట్టి పరిశీలన లేకయే వెలువడెను. 1936లో జరిగిన కథ మరింత రసవంతము. ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్‌తో కలిసి, గురుత్వ తరంగములు లేవని చెప్పు వ్యాసము నొకదానిని ఫిజికల్ రివ్యూ అను అమెరికా పత్రికకు పంపెను. సంపాదకుడు దానిని ఒక శాస్త్రజ్ఞునికి చూపగా అతడు పది పుటల ఆక్షేపణలు వ్రాసెను. అచ్చువేయుమని పంపితినిగాని పరులకు చూపుమనలేదని ఐన్‌స్టీన్ కినిసి వ్యాసమును వెనుకకు తీసికొనెను. ఆక్షేపణ సరియైనదే. 1937లో ఆ వ్యాసము, తీర్పు మార్చుకొని, వేరొక పత్రికలో వెలువడెను. ఆ తరంగములు 2015లో పరికరములకు చిక్కినవి. ఎంతటివానికైనను అడుగువాడు ఒకడుండుట మేలని దీనివలన తెలియుచున్నది.

అయినను ద్వారము దాటినదెల్ల సత్యము కాదు. దాటనిదెల్ల అసత్యమును కాదు. 2023వ సంవత్సరమే ఇందుకు సాక్ష్యము. ఆ మార్చిలో రోచెస్టరు విశ్వవిద్యాలయ పరిశోధకులు, గదిలోని వేడిమివద్దనే నిరోధములేక విద్యుత్తు ప్రవహించు అతివాహక పదార్థమును కనుగొంటిమని నేచర్‌లో వ్రాసిరి. పరిశీలనను దాటిన వ్యాసమది. నవంబరులో, సహరచయితలలో పలువురే కోరగా, పత్రిక దానిని ఉపసంహరించెను. ఆ జులైలోనే దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు ఎల్‌కే-99 అను పదార్థము సాధారణ వాయుపీడనమున, 127 డిగ్రీల వేడిమివద్ద సైతము అతివాహకమేనని పరిశీలన లేని వ్యాసమున ప్రకటించిరి. అందు తయారు చేయు విధానమును స్పష్టముగ వ్రాసియుండిరి. కావున మన న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మొదలు పెక్కుదేశములవారు దానిని తామే చేసి చూచిరి. నెల తిరుగకముందే గుట్టు తెలిసెను. 104 డిగ్రీల ప్రాంతమున నిరోధము హఠాత్తుగ తగ్గుట అందు కల్తీగ చేరిన రాగి సల్ఫైడు చేసిన పని. కొరియావారి వాదము నిలువలేదు. కాని వారు ఎదుటివానికి పరీక్షించు ఉపాయమును చేతికిచ్చిరి. ఈ గుణమునే నేను ఎత్తిచూపదలచితిని.

మన శాస్త్రగ్రంథములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము నుంచుట ఆచారము. ప్రతివాది మాటను, అతడే చెప్పినంత బలముగ చెప్పి, పిమ్మట ఖండింపవలెను. ద్వారము వెలుపల నున్నవాడు తీర్పవలసిన ఋణము ఇదియే. ఐన్‌స్టీన్ తప్పనువాడు, బుధగ్రహపు కక్ష్య శతాబ్దమునకు 43 వికలలు అధికముగ జరుగుట కేమి చెప్పును? మన చేతిలోని ఫోనుకు దారి చూపు ఉపగ్రహములలోని గడియారములు దినమునకు 38 మైక్రోసెకండ్లు ముందు నడచుచున్నవి. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారము సవరించుచున్నందుననే దారి సరిగ తెలియుచున్నది. దీనిని అతని సిద్ధాంతము ఎట్లు లెక్కించును? సమాధానము చెప్పగలిగినచో అతని మాట వినదగినది, డిగ్రీ ఉన్నను లేకున్నను.

లోపలివారికిని ఋణమున్నది. దానిని చక్కగ తీర్చినవారిని బెంగుళూరులో చూడవచ్చును. ఆనేకల్ నివాసి సుబ్బరాయశాస్త్రి గత శతాబ్దారంభమున చెప్పి వ్రాయించిన వైమానిక శాస్త్రము భరద్వాజ మహర్షి ప్రోక్తమని ప్రచారములో నుండెను. భారతీయ విజ్ఞాన సంస్థలోని ఐదుగురు ఇంజనీరింగు పరిశోధకులు పరిహసింపలేదు, చూడకయే త్రోసివేయలేదు. శకునము, సుందరము, రుక్మము, త్రిపురము అను నాలుగు విమానముల వర్ణనలను, పటములను ఎదుట పెట్టుకొని, ఎగురు యంత్రమునకు కావలసిన సూత్రములతో పోల్చిచూచిరి. అవి ఎగురజాలవని 1974లో తేల్చిరి. నాకు ముచ్చట గొలుపు విషయ మేమనగా, వారు భాషను సైతము పరిశీలించి అది వేదకాలపు సంస్కృతము కాదని, గ్రంథము 1904కు పూర్వపుది కాజాలదని వ్రాసిరి. ఇంజనీరులు చేసిన ఈ పని భాషాపండితులమైన మనము చేయవలసినది గదా!

ఇట్టి సమాధానము ఉండగనే, 2015 జనవరిలో ముంబయిలో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో ప్రాచీన విమానములపై ఉపన్యాసము సాగెను. 1974 నాటి వ్యాసమునకు బదులు చెప్పనిదే ఆ వాదము అడుగు ముందుకు వేయరాదు. 2019 జనవరిలో జలంధరులో జరిగిన కాంగ్రెసున, అప్పటి మన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు, కౌరవుల జన్మము పరీక్షనాళికా విజ్ఞానఫలమని సెలవిచ్చిరి. అది బాలల సభ యగుట శోచనీయము. మహాభారతము కావ్యేతిహాసముగ అందించు సంపదను ప్రయోగశాల నివేదికగ మార్చి పలుచన చేయుటకు తెలుగు ఉపన్యాసకుడనుగ నేను ఒప్పజాలను. నిర్వాహకసంస్థ ఆ మాటలతో తనకు పొత్తు లేదనెను. ఇకమీదట ఉపన్యాస సారాంశములను ముందుగ చూచెదమనెను. సారాంశము చూచుట మంచిదే. పిల్లలు లేచి ప్రశ్నవేయుటకు సమయమిచ్చుట అంతకంటె మంచిది.

గత సంవత్సరము ఒక బి.ఎస్‌సి. విద్యార్థి, నీటితో నడచు ఇంజనును గూర్చి తాను వ్రాసిన పదునారు పుటలను భాష దిద్దిపెట్టుమని నాయొద్దకు తెచ్చెను. అంతకుముందు చూపిన భౌతికశాస్త్రోపన్యాసకుడు నవ్వి పంపివేసెనట. భాషలో దిద్దవలసినది అట్టే లేదు. నీటిని విడదీయుటకు ఎంత శక్తి పట్టును, మరల మండునపుడు ఎంత తిరిగివచ్చును అని మాత్రము అడిగితిని. ఆ రెండు సంఖ్యలును వ్యాసమున లేవు. ఎనిమిది దినముల తరువాత వచ్చి, రెండవది మొదటిదానిని మించదని తానే చెప్పెను. ముఖము చిన్నబోయినది, నిజమే. కాని లెక్క అతనిది. నవ్వినవాని యొద్దనుండి పిల్లవాడు నేర్చుకొనునది, పెద్దలు తన్ను అణగద్రొక్కుచున్నారని మాత్రమే. అట్టివానిని ఏ ప్రశ్నయు వేయక చప్పట్లు కొట్టువారు తేలికగ చేరదీయుదురు. ఉపాధ్యాయ సోదరులు ఈ సంగతి నాకంటె బాగుగ నెరుగుదురు.

తిరస్కృతులందరును చివరకు చెప్పు పేరు రామానుజన్. ఆయనను సైతము మొదట ఎవరును గుర్తింపలేదు గదా యందురు. ఆ కథను పూర్తిగ చదువవలెను. మద్రాసు పోర్టుట్రస్టులో ఏటికి 20 పౌనుల జీతముపై గుమాస్తాగ నున్న రామానుజన్ 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి లేఖ వ్రాసెను. తనను నమ్ముమని ప్రాధేయపడుటతో సరిపుచ్చలేదు. సూత్రములను వరుసగ వ్రాసి పంపెను. అవి ఎవడైనను కాగితముపై సరిచూడదగినవి. హార్డీ లిటిల్‌వుడ్‌తో కూర్చుండి సరిచూచి, ఫిబ్రవరి 8న బదులు వ్రాసెను. కొన్ని ఇదివరకే తెలిసినవి, కొన్ని క్రొత్తవై చమత్కారమైనవి, కొన్ని క్రొత్తవై ముఖ్యమైనవి అని మూడుగ విభజించి, ఈ కడపటివానికి ఉపపత్తులు పంపుమని కోరెను. ప్రధానసంఖ్యలను గూర్చి రామానుజన్ చెప్పినవానిలో తప్పులున్నట్లు పిదప తేలెను. హార్డీ ఆ తప్పులను దాచలేదు, పిలుపును మానుకొనలేదు. 1914 ఏప్రిలులో రామానుజన్ ఇంగ్లండు చేరెను.