గొడుగు మారుతున్న గల్ఫ్

2025 సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ విమానాలు దోహాపై దాడి చేశాయి. కాల్పుల విరమణ ప్రతిపాదనను పరిశీలిస్తున్న హమాస్ ప్రతినిధులే లక్ష్యం. పశ్చిమాసియాలో అమెరికాకున్న అతి పెద్ద సైనిక స్థావరం ఆ ఖతర్‌లోనే, అల్ ఉదైద్‌లో ఉంది. అది ఆనాడు ఎందుకూ కొరగాలేదు. ఎనిమిదో రోజున సౌదీ అరేబియా పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. ఒకరిపై దాడిని ఇద్దరిపైనా దాడిగా పరిగణించాలన్నది దాని సారాంశం.

ఈ అపనమ్మకం ఒక్క వారంలో పుట్టలేదు. 1945లో రూజ్‌వెల్ట్, ఇబ్న్ సౌద్‌ల సమావేశం నాటి నుంచీ చమురుకు బదులుగా రక్షణ అన్నదే ఆ స్నేహానికి పునాది. కానీ 2019లో అబ్‌ఖైక్ చమురు కేంద్రంపై దాడితో సౌదీ ఉత్పత్తి దాదాపు సగం స్తంభించినప్పుడు అమెరికా ఇరాన్‌ను నిందించిందే తప్ప ప్రతిదాడికి దిగలేదు. 2023 మార్చిలో అదే ఇరాన్‌తో సౌదీ బీజింగ్‌లో చేయి కలిపింది. చైనాకు గల్ఫ్ చమురు కావాలి. అయితే గల్ఫ్ కోసం యుద్ధం చేసే ఉద్దేశం దానికి లేదు. అందుకే రియాద్ ఏ ఒక్క గొడుగునూ నమ్ముకోవడం లేదు.

దీనిని ఇస్లామీయ ఐక్యతగా భావించి సంబరపడేవారు మనలో ఉన్నారు. 2015లో యెమెన్ యుద్ధానికి సౌదీ సైన్యాన్ని కోరితే, తటస్థంగా ఉండాలని పాకిస్తాన్ పార్లమెంటు తీర్మానించింది. బాగ్దాద్ ఒడంబడిక నుంచి 1959లో ఇరాక్ తప్పుకున్నప్పుడూ మతం అడ్డు రాలేదు. రాజ్యాలు తమ ప్రయోజనాలను చూసుకుంటాయి, ఉమ్మత్ పేరును అవసరానికి వాడుకుంటాయి.

రియాద్‌లో సంతకం పడితే మన వీధిలో మన దేశభక్తికి లెక్క అడిగేవారు మరో వైపు. ఆ సౌదీయే 2016లో మన ప్రధానికి అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది. అప్పుడు మనల్ని ఎవరూ అభినందించలేదే! ఇప్పుడు సంజాయిషీ మాత్రం మనమెందుకు ఇచ్చుకోవాలి?

మనకు నిజంగా సంబంధించిన విషయం వేరే ఉంది. కడప, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీల్లో ఎన్నో ఇళ్ల పొయ్యి గల్ఫ్ సంపాదనతోనే వెలుగుతోంది. అందులో హిందువులూ ముస్లిములూ ఉన్నారు. 1990లో కువైట్ సంక్షోభంలో లక్షన్నరకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. అటువంటి రోజు మళ్లీ వస్తే ఎవరి కొడుకు ఏ కంపెనీలో, ఏ క్యాంపులో ఉన్నాడో చెప్పగల పట్టిక ఏ మండల కార్యాలయంలో ఉంది? ప్రభుత్వాలు దానిని తయారు చేయాలి. అంతవరకు మసీదు కమిటీలు ఈ జుమా నుంచే తమ మొహల్లాలో ఇంటింటికీ వెళ్లి, పాస్‌పోర్టు, ఇఖామా నకళ్లను ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోమని చెప్పాలి. మతం అడగకుండా ప్రతి గడపా తట్టాలి.