అక్కయ్య ఏడవలేదు

మా అక్కయ్యకు యాభైరెండో ఏట పై రెప్పలు రెండూ వాచాయి. చూసినవాళ్ళకు ఆవిడ రాత్రంతా ఏడ్చినట్టే ఉండేది. పక్కింటి పిన్నిగారు మా బావగారి వంక అదోలా చూడడం మొదలుపెట్టారు. పాపం, ఆయన చీమకు కూడా అపకారం చేసే మనిషి కాడు. కావ్యాలు పాఠం చెప్పుకునే నాకు మాత్రం ఏం తెలుసు? కళ్ళు వాచాయంటే దుఃఖమో నిద్రలేమో తప్ప మూడో కారణం తోచలేదు.

నొప్పి లేదు, ఎరుపు లేదు, పుసి లేదు. అందుకే ఎవరికీ తొందర పుట్టలేదు. నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టాం, దిష్టి తీశాం. చివరికి నేనే మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చాను. వారంలో వాపు తగ్గింది. "చదువుకున్న తమ్ముడు ఉండాలి!" అని అక్కయ్య మురిసిపోయింది. మాత్రలు ఆపగానే వాపు మళ్ళీ వచ్చింది. నేను మళ్ళీ తెచ్చాను. అలా ఆరు నెలలు గడిచాయి.

ఒకనాటి సాయంత్రం దీపం పెట్టి, "ఒరే, ఒత్తి రెండుగా కనిపిస్తోందిరా!" అన్నది. అప్పుడు పరుగెత్తాం.

కంటి డాక్టరుగారు ముందు నన్ను కోప్పడ్డారు. నేను తెచ్చినవి స్టెరాయిడ్లట. అవి వాపును దాచేస్తాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. "కన్ను ఎముకల గూటిలో ఉంటుందండీ. గోడలు జరగవు. లోపల ఏది వాచినా కన్ను ముందుకు పొడుచుకు రావాలి, లేదా చూపు నరం నలగాలి" అన్నారు. థైరాయిడు జబ్బు మొదలుకొని లింఫోమా అనే క్యాన్సరు దాకా కారణాలు చాలా ఉన్నాయట. పెద్ద వయసులో కొత్తగా ఉబ్బసం వచ్చి, రెప్పలమీద పసుపుపచ్చని మచ్చలతో వాపు కనిపించే అరుదైన జబ్బు కూడా ఒకటుందట. వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయాలంటే తరచుగా చిన్న ముక్క తీసి పరీక్షించక తప్పదు.

చూపు నరం భద్రంగా ఉందని తేల్చుకున్నాక, కొన్నాళ్ళు ఆగి, రెప్ప వెలుపలి కొస వెనుక ఉండే కన్నీటి గ్రంథినుంచి గింజంత ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అక్కయ్య మాత్రం, "ఇన్నాళ్ళూ ఏడవకుండానే పేరొచ్చింది, ఇప్పుడు నిజంగా ఏడిస్తే ఎవరు నమ్ముతారు?" అని నవ్వించింది.

క్యాన్సరు కాదు. ఐజీజీ4 అనే రోగనిరోధక పదార్థానికి సంబంధించిన వాపు జబ్బు. దీని కథ విచిత్రమైనది. 1888లో మికులిచ్ అనే శస్త్రవైద్యుడు, అప్పట్లో జర్మనీలో ఉన్న కోనిగ్స్‌బర్గ్‌లో, ఒక రైతుకు కన్నీటి గ్రంథులూ లాలాజల గ్రంథులూ నొప్పి లేకుండా వాచడం గురించి చెప్పాడు. నూరేళ్ళు దాటాక, 2000 తరువాత, జపాను వైద్యుల పరిశోధనలవల్లనే అలాంటి వాపుల్లో చాలావాటికి మూలం ఈ జబ్బేనని తెలిసింది. ఇది క్లోమంలోనూ మూత్రపిండాల్లోనూ కూడా ఉండవచ్చు గనక అక్కయ్యకు పొట్ట స్కానింగు కూడా చేశారు. అక్కడ ఏమీ లేదు.

వైద్యం? అదే స్టెరాయిడు! కాని ఇప్పుడు జబ్బు పేరు తెలిసి, చక్కెర చూసుకుంటూ, లెక్కప్రకారం మెల్లగా తగ్గిస్తూ ఇస్తున్నారు. తగ్గించేటప్పుడు జబ్బు తిరగబెట్టవచ్చు గనక చూపించుకుంటూనే ఉండాలి. ఇప్పుడు ఒత్తి ఒకటిగానే కనిపిస్తోంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. రెప్పవాపు రెండు మూడు వారాలైనా తీయకపోతే, నొప్పి లేదు గదా అని ఊరుకోకండి. ఒకటి రెండుగా కనిపించినా, రంగులు వెలిసినట్టున్నా, కన్ను ముందుకు వచ్చినట్టున్నా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. నాలాంటి చదువుకున్న తమ్ముణ్ణి మాత్రం మందుల షాపుకు పంపకండి.

అన్నట్టు, పిన్నిగారు మొన్న మా బావగారికి గారెలు పంపించారు.