ఉరితాడు ఎవరికి?

పోయిన సంవత్సరం మన విద్యార్థి సంఘం వారు జరిపిన డిబేటు పోటీకి "మాదకద్రవ్యాల వ్యాపారులకు మరణశిక్ష విధించాలి" అన్న అంశం పెట్టారు. నేను అనుకూల పక్షాన మాట్లాడాను. మొదటి బహుమతి నాకే వచ్చింది. చప్పట్లు కూడా బాగానే మోగాయి. బహుమతి ఇచ్చిన లెక్చరరుగారు "నీలో మంచి వకీలున్నాడోయ్" అని భుజం తట్టారు. ఆ ఉపన్యాసాన్నే ఈ సంచికకు వ్యాసంగా వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రుడు అడిగాడు. ఇవ్వలేనన్నాను. దానికి బదులు ఇది ఇస్తున్నాను. ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్లకు నేనొక సంజాయిషీ బాకీ ఉన్నాను.

ముందు ఆ రోజు నేనేమన్నానో చెప్పాలి. వారం రోజులు అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని తయారుచేసుకున్న ఉపన్యాసమది. హంతకుడు ఒక్కణ్ణి చంపుతాడు, మత్తుమందు అమ్మేవాడు ఒక తరాన్నే చంపుతాడు అన్నాను. సింగపూరులో 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేస్తే ఉరేనన్నాను. మన దేశంలో కిలో గంజాయి దాకా "స్వల్ప పరిమాణం" కింద లెక్కగట్టి, మహా అయితే ఏడాది జైలో పదివేల జుల్మానానో వేసి ఊరుకుంటారని ఎగతాళి చేశాను. 1985లో తెచ్చిన ఎన్.డి.పి.ఎస్. చట్టంలో 31ఎ సెక్షను 1989 నుంచి ఉన్నదనీ, కిలో హెరాయిన్‌తోనో అరకిలో కొకైన్‌తోనో రెండోసారి పట్టుబడినవాడికి మరణశిక్ష వేయవచ్చుననీ, అయినా ఆ సెక్షను కింద ఒక్కణ్ణీ ఉరితీయలేదనీ వాపోయాను. "ఇంత మెత్తని చట్టాన్ని చూసి ఎవడు భయపడతాడు?" అన్నప్పుడు హాలంతా ఈలలు వేసింది.

అందులో చెప్పిన సంగతులేవీ అబద్ధాలు కావు. నా తప్పు వేరే చోట ఉంది. "వ్యాపారి" అన్నప్పుడు నా కళ్ల ముందు ఒక మనిషి ఉండేవాడు. నల్ల కళ్లద్దాలు, పెద్ద కారు, చేతినిండా ఉంగరాలు. సినిమా విలను అన్నమాట. ఉరితాడు వాడి మెడకే పడుతుందనుకున్నాను.

పోటీ అయిన నాలుగు నెలలకు మా పిన్ని దగ్గర్నుంచి ఫోను. మాది నర్సీపట్నం వైపు. పైన చింతపల్లి, పాడేరు మన్యం. ఆ కొండల్లో ఏం పండుతుందో, ఎటు పోతుందో మా వైపు చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసువారు దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలుపోసి తగలబెట్టారు. అంత సరుకు నల్లకళ్లద్దాల వాళ్లు నెత్తిన పెట్టుకుని దించరు గదా! దించేది మా పిన్ని కొడుకు లాంటి వాళ్లు. వాడికి ఇరవై ఒక్క ఏళ్లు. ఇంటరు తప్పాడు, ఆటో కొనబోయి అప్పుల్లో పడ్డాడు. రెండు బస్తాలు హైదరాబాదు చేర్చితే పదివేలు ఇస్తామన్నారట. ఊరు చేరకముందే పట్టుబడ్డాడు. బస్తాల్లో ఉన్నది ఇరవై కిలోలకు పైమాటే. ఇరవై దాటితే చట్టం దృష్టిలో అది "వాణిజ్య పరిమాణం", అంటే తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువైతే ఇరవై, పైన లక్ష రూపాయల జుల్మానా. పదివేలకు ఆశపడినవాడికి లక్ష జుల్మానా! బస్తాలు ఇచ్చినవాడూ దొరకలేదు, అందుకోవలసినవాడూ దొరకలేదు. కాగితాల్లో వాళ్లిద్దరూ "పరారీ".

వాడు అమాయకుడని నేననడం లేదు. ఏం మోస్తున్నాడో వాడికి తెలుసు. శిక్ష పడవలసిందే. కాని ఆ వార్త వినగానే నాకు నా ఉపన్యాసం గుర్తుకొచ్చింది. ఆ రోజు నేనడిగిన చట్టమే ఉండి ఉంటే, దాని కింద మొట్టమొదట నిలబడేది వీడే.

పిన్ని బెయిలు పని మీద హైదరాబాదు వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చిన్న లాడ్జిలో దింపాను. ఆ చోటు తెలిసిన మిత్రులకు వర్ణించనక్కరలేదు. ఇటు ఉస్మానియా ఆసుపత్రి, మధ్యలో మూసీ, నయాపూల్ దాటితే అటు హైకోర్టు గుమ్మటాలు. ప్రాణం నిలబెట్టమని ఒక గట్టు మీద, తీయవద్దని ఇంకో గట్టు మీద జనం కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ దారిన వందసార్లు లైబ్రరీకి పోయినవాణ్ణే. ఆ జనం మొహాలు ఎన్నడూ చూడలేదు.

బెయిలు రాలేదు. ఇలాంటి కేసుల్లో నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు జడ్జికి కనపడాలని 37వ సెక్షను చెబుతుంది. విచారణ మొదలుకాక ముందే అది చూపించడం ఎవరి తరం? వకీలుగారు ఆ మాటే చెప్పి పంపారు. ఇద్దరం నయాపూల్ మీదుగా నడిచివచ్చి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మా బల్ల దగ్గరే ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. చేతిలో ఆసుపత్రి చీటీలు. మాట కలిపాడు. కొడుకును వార్డులో చేర్చాడట. "పాలిటెక్నిక్ చదువుతుండె బిడ్డా. గాంజాతోని షురూ అయింది, తర్వాత ఏమేం తీసుకున్నడో ఆ దేవునికే ఎరుక. ఇప్పుడు నన్ను గుర్తు పడ్తలేడు. అమ్మినోళ్లను, తెచ్చినోళ్లను నడి బజార్ల ఉరి తియ్యాలె" అన్నాడు. అని, చాయ్ వదిలేసి కళ్లు తుడుచుకున్నాడు.

నేను తల వంచుకున్నాను. పిన్ని మాత్రం ఆయన వంకే చూస్తూ కూర్చుంది. ఆయన వెళ్లిపోయాక చాలాసేపటికి, "ఆయనన్నదాంట్లో తప్పేటుందిరా? మావోడు మోసిందే ఆ పిల్లోడి దాకా ఎల్లిందేమో" అంది. కాసేపాగి, "అయినా ఉరేత్తే ఆ పిల్లోడు తండ్రిని గుర్తు పడతాడేటి?" అంది.

మరణశిక్ష మీద నేను చదివిన పుస్తకాల్లో ఈ రెండు మాటలూ ఇంత దగ్గరగా ఎక్కడా కనపడలేదు. ఆ తండ్రి కోపాన్ని కొట్టిపారేసేవాడికి ఈ విషయం మీద మాట్లాడే అర్హత లేదు. ఆ కోపం తీరితే చాలు, పని అయిపోయిందనుకునేవాడికీ లేదు.

ఇక వాదానికి వస్తాను. ఉరికి భయపడి నేరం మానేస్తారన్నది అనుకూల పక్షం వారి ప్రధాన బలం. భయపడాలంటే ముందు దొరుకుతామన్న నమ్మకం ఉండాలి. సరుకు మోసేవాడు దొరకననుకునే బయలుదేరతాడు. వాడి వెనకనున్నవాడికి తాను దొరకనని రూఢిగా తెలుసు. శిక్షను పదేళ్ల నుంచి ఉరికి పెంచితే మోసేవాడి కూలి పెరుగుతుందేమో గాని ఆ వెనకవాడి నిద్ర చెడదు. మనం ఆదర్శంగా చెప్పుకునే దేశాల్లో కూడా ఆలోచన మారుతున్నది. మలేషియా 2023లో "తప్పనిసరి మరణశిక్ష"ను తీసివేసింది. మన 31ఎ సెక్షనులో కూడా మొదట మరణశిక్ష తప్పనిసరే. అలా కుదరదని 2011లో బొంబాయి హైకోర్టు చెప్పింది, 2014లో పార్లమెంటు దాన్ని జడ్జి విచక్షణకు వదిలింది.

విచక్షణ అన్నా చిక్కు తీరలేదు. మన రాష్ట్రం కేసే చూడండి. 1993 మార్చిలో హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వెళ్లే ఆర్టీసీ బస్సును దోచుకోవడానికి ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు మాడిపోయారు. ఆ రోజుల్లో జిల్లాల బస్సులు ఇక్కడి గౌలిగూడ నుంచే బయలుదేరేవి. ఆ ఘోరం చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కోర్టులు ఉరి వేశాయి, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఒక రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. తేదీ కూడా పడింది. చివరి ఘడియలో స్టే వచ్చింది. 1998లో తర్వాతి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అవే నేరాలు, అదే ఫైలు. మారింది కుర్చీలో మనిషే. నారాయణన్ గారు చేసింది మంచిపనేనని నా అభిప్రాయం. కాని ఒక ప్రాణం ఉండడం, పోవడం ఎవరు ఏ సంవత్సరంలో ఏ పదవిలో ఉన్నారన్న దాన్ని బట్టి తేలడం న్యాయమెట్లా అవుతుంది?

అంత అదృష్టం అందరికీ పట్టదు. ఆదిలాబాదు జిల్లా రైతులు కిష్టగౌడ్, భూమయ్యలను ఉరితీయవద్దని దేశమంతటా విజ్ఞప్తులు వెళ్లాయి. ఎమర్జెన్సీలో ఎవరి నోరూ లేవని రోజులు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో ఉరితీశారు. వాళ్ల రాజకీయాలు మనకు నచ్చాలని లేదు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది, దేశం చాలా విషయాలు తిరిగి ఆలోచించింది. తిరిగి వినిపించుకోవడానికి ఆ ఇద్దరే లేరు. ఆ జైలు ఉన్న చోట ఈనాడు గాంధీ ఆసుపత్రి ఉంది.

"మరి బాంబులు పెట్టినవాళ్ల మాటేమిటి?" అని నా మిత్రుడొకడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, ఇక్కడికి కూతవేటు దూరంలో కోఠీలోని గోకుల్ చాట్‌లో 42 మంది చనిపోయారు. 2013లో దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపుల దగ్గర మళ్లీ అదే. ఆ కేసులో ఐదుగురికి పడిన ఉరిని 2025 ఏప్రిల్‌లో నదికి అవతలి గట్టునున్న హైకోర్టే ఖాయం చేసింది. ఆ తల్లుల ముందు నిలబడి "ఉరి వద్దు" అనడానికి నాకు నోరు రాదని ఒప్పుకొంటున్నాను. 2015లో లా కమిషను కూడా టెర్రరిజం కేసులను మినహాయించి మిగతా నేరాలన్నిటికీ మరణశిక్ష రద్దుచేయమంది. నేను మాత్రం అక్కడ కూడా చనిపోయేదాకా జైలే చాలునంటాను. దోషిని కనికరించి కాదు. తప్పు జరిగితే జైలు తలుపు తెరవవచ్చు. ఉరికంబం దగ్గర ఆ వీలు లేదు. మనకు కోపం వచ్చినప్పుడు ఎంత తొందరపడతామో 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర చూశాం. దిశ కేసులో నలుగురు నిందితులు కాల్పుల్లో చనిపోతే పూలు చల్లాం. నేనూ సంతోషించినవాణ్ణే. వాళ్లను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ సిర్పుర్కర్ కమిషను 2022లో తేల్చింది. పూలు మాత్రం వెనక్కు తీసుకోలేం గదా.

ఇంకొక్క సంగతి. ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ వారు ఉరిశిక్ష పడిన ఖైదీలను కలిసి 2016లో నివేదిక ప్రకటించారు. నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికంగా అట్టడుగువాళ్లే. నేరాలు పేదవాళ్లే చేస్తారా? కాదు. మంచి వకీలు ఫీజు వాళ్ల దగ్గర ఉండదు. మా పిన్ని పుస్తెలతాడు అమ్మి తెచ్చిన డబ్బు వకీలుకు రెండు వాయిదాలకే సరిపోయింది.

అయితే ఏం చేయాలి? సరుకుతో పాటు సొమ్మును పట్టాలి. అక్రమంగా కూడబెట్టిన ఆస్తి జప్తుకు ఎన్.డి.పి.ఎస్. చట్టంలోనే ఒక అధ్యాయం ఉంది. దాన్ని పైవాళ్ల మీద నడిపించమని అడగాలి. మత్తుకు అలవాటుపడి, కొద్దిపాటి సరుకుతో దొరికినవాడు తనంతట తాను చికిత్సకు వస్తే 64ఎ సెక్షను కింద విచారణ నుంచి రక్షణ ఉంది. మన హాస్టళ్లలో ఈ ముక్క ఎంతమందికి తెలుసు? తెలిసి ఉంటే, ఆ పెద్దమనిషి కొడుకు స్నేహితుల్లో ఎవడో ఒకడు భయపడకుండా ముందే చెప్పి ఉండేవాడేమో. ఆ స్నేహితులు మనలాంటి వాళ్లే. ఉరి అడగడం కన్నా కష్టమైన పని ఇది. చప్పట్లు కూడా రావు.

మా తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. విచారణ జరగాలి. పదేళ్లు పడితే ముప్పై దాటి బయటికొస్తాడు. ఎలాంటి మనిషై వస్తాడో నేను చెప్పలేను. వస్తాడు, అంతే.

విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. ఈ సంవత్సరం కూడా డిబేటుకు అదే అంశం పెట్టండి. ఈసారి నా పేరు వ్యతిరేక పక్షాన వ్రాసుకోండి. కిందటేడు నాతో ఓడిపోయిన మిత్రుణ్ణి అనుకూల పక్షాన నిలబెట్టినా సరే. ఈలలు వాడికే పడవచ్చు. బహుమతి కూడా వాడికే రావచ్చు. ఏది ఏమైనా, పోయినసారి నాకు ఇచ్చిన కప్పు మాత్రం సంఘం ఆఫీసులో తిరిగి ఇచ్చేస్తాను.