చేతులు దులుపుకున్న విద్యాసంస్థ

విజ్ఞానశాస్త్రానికి పక్షం లేదనీ, శాస్త్రజ్ఞుడు సత్యాన్ని కనిపెట్టి యిస్తాడే తప్ప దానిని ఎవరు ఎందుకు వాడుకుంటారో అతనికి నిమిత్తం లేదనీ మన అధ్యాపక మిత్రులు కొందరు తరచు సెలవిస్తుంటారు. వినటానికి యిది మహా వినయంగా వుంటుంది. కాని సైన్యం డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయ ప్రయోగశాలల చరిత్ర తిరగవేస్తే, యిది వినయం కాదు, బాధ్యతను తప్పించుకునే నేర్పు అని తేలుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, ఎం.ఐ.టి., కథ యిందుకు చాలు.

1940 అక్టోబరులో అక్కడ రేడియేషన్ లాబొరేటరీ వెలసింది. శత్రు విమానాలనూ జలాంతర్గాములనూ పసిగట్టే రాడార్ల నిర్మాణం దాని పని. హిట్లరును ఓడించే యుద్ధంలో శాస్త్రజ్ఞులు తమ వంతు పనిచేసినందుకు ఏ అభ్యుదయవాదీ వారిని తప్పుపట్టడు. గమనించవలసింది మరొకటి వుంది. యుద్ధం ముగియగానే, 1945 డిసెంబరు ఆఖరున, ఆ ప్రయోగశాలను మూసివేశారు. పని తీరింది, తలుపు మూశారు.

1951లో లింకన్ లాబొరేటరీ తెరిచారు. సోవియట్ బాంబర్లను కనిపెట్టటానికి అమెరికా వైమానిక దళం కోరిన ‘సేజ్’ అనే గగనరక్షణ వ్యవస్థ అక్కడ రూపొందింది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ప్రయోగశాల మాత్రం చెక్కుచెదరలేదు. శత్రువు కోసం ప్రయోగశాల పుట్టిందా, లేక ప్రయోగశాల బతకటానికి శత్రువు కావలసివచ్చాడా?

అదే విద్యాసంస్థలో చార్లెస్ స్టార్క్ డ్రేపర్ నడిపిన ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీ సంగతి యింకా విడ్డూరం. అపోలో నౌకను చంద్రునిదాకా నడిపిన కంప్యూటర్ అక్కడిదే. జలాంతర్గాముల నుంచి ప్రయోగించే పొలారిస్, పొసైడన్ అణు క్షిపణులకు దారి చూపే యంత్రాలూ అక్కడివే. ఒక్క పొసైడన్ అనేక అణ్వస్త్రాలను వేర్వేరు లక్ష్యాలపైకి విసరగలిగేది. యీ ప్రయోగశాలను మెచ్చుకునే పెద్దలు మనకు చంద్రుణ్ణి చూపిస్తారు. పొసైడన్ మాట ఎత్తరు.

వియత్నాం మండుతున్న రోజుల్లో అక్కడి విద్యార్థులూ అధ్యాపకులూ యీ మాట ఎత్తారు. 1969 మార్చి 4న పరిశోధన నిలిపివేసి, శాస్త్రం ఎవరికోసమని బహిరంగంగా చర్చించారు. నవంబరులో విద్యార్థులు డ్రేపర్ ప్రయోగశాలను ముట్టడించగా పోలీసులు వారిని చెదరగొట్టారు. ఆ మీదట యాజమాన్యం చేసిన పరిష్కారమేమిటి? ప్రయోగశాలకు డ్రేపర్ పేరు పెట్టి, 1973లో దానిని స్వతంత్ర సంస్థగా విడదీసింది. లింకన్ లాబొరేటరీని తన వద్దనే వుంచుకుంది. క్షిపణుల పని ఆగలేదు. విడిపోయిన డ్రేపర్ సంస్థే తరువాత ట్రైడెంట్ క్షిపణులకూ దారి చూపింది. మారినదల్లా గుమ్మం మీది బోర్డు.

యిది విజయమని సంబరపడినవారు మనవారిలోనూ వున్నారు. నేనొప్పుకోను. యుద్ధ పరిశోధన జరిగితే విద్యాలయం ఆవరణలోనే, అందరి కళ్లముందే జరగాలనీ, కనబడినప్పుడే దానిని ఎదిరించగలమనీ అక్కడి అధ్యాపకుడు నోమ్ చోమ్‌స్కీ వాదించాడు. అతని వాదంలో బలముంది. విద్యాలయం చేతులు దులుపుకున్నంత మాత్రాన క్షిపణి గురి తప్పదు. తప్పేది విద్యార్థి చూపు మాత్రమే.

యిది సముద్రాల అవతలి గొడవ అని కొట్టివేయకండి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ పేలుడు పదార్థాల, రాకెట్ ఇంధనాల పరిశోధనకు డి.ఆర్.డి.ఓ. నిధులతో కేంద్రం వెలసింది. దేశానికి రక్షణ అక్కరలేదా అని అడుగుతారు. అక్కరే. కాని పరిశోధకుడు ఏ ప్రశ్న వేసుకోవాలో నిర్ణయించేది ఎవరు? ఫలితాలను అతడు స్వేచ్ఛగా ప్రకటించవచ్చునా? ఒప్పందంలోని షరతులను అధ్యాపకుల ముందు, విద్యార్థుల ముందు పెట్టారా? రహస్యంగా వుంచవలసిన విద్య సైనిక కర్మాగారానికి తగవచ్చు. విశ్వవిద్యాలయానికి తగదు.

పరిశోధనకు చేరే ప్రతి విద్యార్థీ, అక్కడయినా యిక్కడయినా, తన జీతం ఏ శాఖ నుంచి వస్తున్నదో మొదటి రోజే అడగాలి. అడిగిన విద్యార్థి ఒంటరివాడు కాకుండా చూడవలసిన పని మాది, అధ్యాపకులది.