వాల్వులకు మళ్లీ వెలుగొచ్చింది!

స్విచ్ వేయగానే పాట రాదు. అర నిమిషం ఆగాలి. ముందు గాజు వాల్వుల్లో సన్నటి తీగ ఎర్రగా వెలుగుతుంది. తరువాత స్పీకరులో 'హుమ్‌...' మని చిన్న రొద. ఆ పైన 'హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ!' ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలోనైనా, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకం ఆడే పందిరి దగ్గరైనా ఒకప్పుడు మైకు సెట్టు ఇలాగే మేలుకొనేది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు వచ్చాక ఆ అర నిమిషం నిరీక్షణ పోయింది. మోయలేని బరువూ పోయింది. పాత పెట్టెలు అంగడి అటక మీదికి, అక్కణ్నుంచి గుజిరీ కొట్టుకి చేరాయి.

అలాంటి పెట్టెనే ఇప్పుడు కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారంటే నమ్ముతారా? అదీ లక్ష రూపాయలకు పైనే! కొనేవాళ్లు బేస్ గిటార్, ఎలక్ట్రిక్ గిటార్ వాయించే కళాకారులు. వాళ్లు వెతుక్కునేది ఆ పెట్టెలోని 'టోన్‌'ని. అంటే ఆ ధ్వనికున్న బరువు, వెచ్చదనం.

తూము తిప్పితే చాలు...

వాల్వు పనిచేసే తీరు తెలియాలంటే తుంగభద్ర దిగువ కాలువ గట్టు మీద నిలబడితే చాలు. కాలువలో నీళ్లు ఉరవడిగా వస్తుంటాయి. తూము దగ్గర ఒక మనిషి చక్రం కొంచెం తిప్పితే అంత నీటి పారుదలా మారిపోతుంది. వాల్వులోనూ అంతే. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పారతాయి. మధ్యలో 'గ్రిడ్‌' అనే తీగ తూములా అడ్డుంటుంది. మైకు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్తు ఆ గ్రిడ్‌ను తాకితే అవతల పెద్ద ప్రవాహం దానికి తగ్గట్టు ఆడుతుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి గ్రిడ్ కలిపాడు. రేడియో, సినిమా, మైకు... అన్నీ ఆ గాజు గొట్టం మీదే నడిచాయి. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టేదాకా దానికి పోటీయే లేదు.

బేస్ కోసం పుట్టి...

కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1951లో 'ప్రెసిషన్ బేస్‌' అనే ఎలక్ట్రిక్ బేస్ గిటార్ తెచ్చాడు. నిలువెత్తు డబుల్ బేస్ పని చేతిలో పట్టే వాయిద్యంతో అయిపోయింది. దానికి తోడుగా 1952లో 'బేస్‌మ్యాన్‌' యాంప్లిఫయర్ వచ్చింది. 1950ల చివరికి అందులో పదేసి అంగుళాల స్పీకర్లు నాలుగు అమరాయి. చిత్రమేమంటే బేస్ వాళ్ల కంటే మామూలు గిటార్ వాళ్లే దాన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. గట్టిగా వాయిస్తే అందులో ధ్వని కొంచెం చిట్లేది. ఆ చిట్లడమే వాళ్లకు నచ్చింది! లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో తన మనుషులతో కలిసి తొలి మార్షల్ యాంప్లిఫయర్ చేసినప్పుడు బేస్‌మ్యాన్ సర్క్యూట్‌నే నమూనాగా పెట్టుకున్నాడు.

బేస్ వాళ్లకు సొంత ఇల్లులాంటిది ఆంపెగ్. సంస్థ పెట్టిన ఎవరెట్ హల్ తానే డబుల్ బేస్ వాయిద్యకారుడు. ఆ వాయిద్యం కిందుండే కాలులో, అంటే పెగ్‌లో, మైకు అమర్చాడు. 'యాంప్లిఫైడ్ పెగ్‌' కాస్తా 'ఆంపెగ్‌' అయింది. 1960లో వచ్చిన బి-15 మోడల్‌లో యాంప్లిఫయర్‌ను తలకిందులు చేసి స్పీకరు పెట్టెలోనే దాచేయొచ్చు. మోటౌన్ పాటల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చిన్న క్లబ్బుల్లో వాడింది దాన్నే. 1969లో ఎస్‌వీటీ వచ్చింది. 300 వాట్లు, 14 వాల్వులు. స్పీకర్లు కాక ఒక్క యాంప్లిఫయరే దాదాపు 40 కిలోలు. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ బృందం అమెరికా పర్యటనలో వాటితోనే వేదికలను ఊపేసింది.

తరువాత కాలం ట్రాన్సిస్టర్లది. కానీ పాత రికార్డుల్లోని బేస్ కొత్త పెట్టెల్లో పలకలేదు. పాత యాంప్లిఫయర్ల ధరలు చుక్కలనంటాయి. కంపెనీలు తమ పాత నమూనాలనే మళ్లీ బయటికి తీశాయి. ఫెండర్ 1990లో 1959 నాటి బేస్‌మ్యాన్‌ను పునర్నిర్మించింది. ఆంపెగ్ 2019లో ఎస్‌వీటీ యాభయ్యేళ్ల పండక్కి ప్రత్యేక మోడల్ తెచ్చింది. వీటికి వ్యాపారంలో పెట్టిన పేరు 'రీఇష్యూ'.

లోపమే అందం

ఇంతకీ వాల్వు పలుకులో ఉన్న విశేషమేమిటి? లెక్క ప్రకారం చూస్తే అది లోపమే. ఏ యాంప్లిఫయరుకైనా ఒక హద్దు ఉంటుంది. ట్రాన్సిస్టర్ ఆ హద్దు దాకా నిక్కచ్చిగా వెళ్లి, దాటగానే ధ్వని తరంగం తలను కత్తితో కోసేస్తుంది. చెవికి గరగరమంటుంది. వాల్వు హద్దు దగ్గర పడుతుండగానే కాయల బరువుకి కొమ్మ వంగినట్టు మెల్లగా ఒంగుతుంది. ఆ ఒంపులో అసలు స్వరానికి రెండింతలు, మూడింతల పౌనఃపున్యమున్న అనుస్వరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తన వంతు మెత్తదనం కలుపుతుంది. దీన్నే చెవి 'వెచ్చదనం' అంటుంది.

పద్యనాటకం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకుని మైకుకు దగ్గరగా జరిగితే యాంప్లిఫయర్ హద్దు దాటిపోతుంది. అప్పుడు వాల్వు పెట్టె గొంతును చీల్చదు, చిక్కబరుస్తుంది. విదేశీ గిటార్ కళాకారులు లక్షలు పోసి కొనే గుణం ఇదే.

బేస్ సంగతికొస్తే ఇంకో తమాషా ఉంది. బేస్ గిటార్‌లో లావుపాటి తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. జాతరలో చెట్టుకు కట్టే హారన్ స్పీకరు రెండు మూడు వందల కంపనాల కంటే కింది స్వరాలను దాదాపు పలకదు. అంటే అసలు బేస్ స్వరం అందులోంచి బయటికే రాదు! మరి ఇళయరాజా పాటల్లోని బేస్ గిటార్ నడక ఊరి హారన్లలోనూ ఎలా వినిపించింది? మెదడు చేసే మాయ అది. 205, 246, 287... ఇలా 41 తేడాతో అనుస్వరాలు వరసగా చెవిన పడితే, లేని 41ని మెదడే పూరించుకుంటుంది. వాల్వు ఆ అనుస్వరాలనే ఇంకాస్త పెంచుతుంది. అందుకే వాల్వు మీద వాయించిన బేస్ చిన్న స్పీకర్లో కూడా మునిగిపోకుండా పైకి తేలుతుంది.

నేత తెలిసినవాళ్లకే తేడా

మరి రీఇష్యూలో అదే పలుకు వస్తుందా? పాత బేస్‌మ్యాన్‌లో ప్రతి తీగనూ చేత్తో సాల్డరింగ్ చేశారు. 1990 నాటి రీఇష్యూ ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద తయారైంది. సర్క్యూట్ ఒకటే, పనితనం వేరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరులో ఈ ముక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. మగ్గం మీద నేసిందీ మరమగ్గం మీద నేసిందీ అంచులో ఒకేలా కనిపించొచ్చు. వాడకంలో తెలుస్తుంది, చిరిగితే అతుకు వేసేటప్పుడు మరీ తెలుస్తుంది. చేత్తో తీగలు కలిపిన పెట్టెలో ఒక రెసిస్టర్ పోతే మెకానిక్ దాన్నే మార్చేస్తాడు. బోర్డు మీద రాగి పొర లేచిపోతే అంత తేలిగ్గా కాదు. అయితే కళ్లు మూసుకుని వింటే అన్నిసార్లూ తేడా పట్టగలరని కూడా కాదు. స్పీకరు, వాల్వుల నాణ్యత, ముఖ్యంగా వాయించే వేళ్లు... వీటి వాటా తక్కువేం కాదు.

వాల్వుల కథ ఇంకా చిత్రం. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో తయారైన ముల్లార్డ్ వాల్వులకు గొప్ప పేరు. ఆ ఫ్యాక్టరీలో వాల్వుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు అదే పేరుతో వచ్చేవి రష్యాలోని సరాటోవ్‌లో పుడుతున్నాయి. స్లొవేకియా, చైనాల్లోనూ తయారీ ఉంది. అంతే, ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లు. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ఎగుమతులకు అడ్డుకట్ట పడేసరికి గిటార్ లోకం గగ్గోలు పెట్టింది. ధరలు పెరిగాయి. ఆదోనికి ఒక్క రాత్రి ప్రయాణంలో ఉన్న బెంగళూరులో, 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియోలకూ యాంప్లిఫయర్లకూ వాల్వులు చేసి దేశమంతా పంపింది. ఆ 'బెల్‌' ముద్ర ఉన్న పాత వాల్వుల కోసం ఇప్పుడు విదేశీయులు వెతుకుతున్నారు.

కిలోల లెక్కన అమ్మేముందు...

ఆదోని, ఎమ్మిగనూరు అటకల మీద మిగిలిన పెట్టెల సంగతి ఇక్కడే వస్తుంది. పాత మైకు సెట్లలో వాడిన 6ఎల్6, ఈఎల్34 లాంటి వాల్వులు, బేస్‌మ్యాన్‌లో మార్షల్‌లో వాడినవి ఒకే కుటుంబం. అమెరికాలో పాత బోగెన్ మైకు సెట్లను గిటార్, బేస్ యాంప్లిఫయర్లుగా మార్చుకునేవాళ్లున్నారు. ఇక్కడ మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి కోసం పెట్టెను పగలగొడతారు. రాగికి వచ్చేది కొన్ని వందలు. ఆ పెట్టెలో మళ్లీ దొరకనిదీ ఆ ట్రాన్స్‌ఫార్మరే.

అలాగని అటక దించి నేరుగా ప్లగ్గులో పెట్టేయకూడదు. ఏళ్ల తరబడి వాడని కండెన్సర్లు పేలిపోవచ్చు. పాత మెకానిక్కులు ముందుగా సీరీస్ బల్బు పెట్టి కరెంటిస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి చెబుతుంది, పెట్టె బతుకుతుంది. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయర్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. అన్నిటికంటే ముఖ్యం... లోపల నాలుగైదు వందల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో ఆ కరెంటు నిలిచి ఉంటుంది. తెలియనివాళ్లు మూత తీస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఈ జాగ్రత్తలు ఏ రీఇష్యూ డబ్బాలోనూ రావు. సాల్డరింగ్ వాసన మధ్య పెరిగి, రొద విని ఏ కండెన్సరు పోయిందో చెప్పగలిగిన మెకానిక్కుల దగ్గరే ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు, లేదా వయసు మీద పడి ఇంటిపట్టున ఉన్నారు. సర్క్యూట్ బొమ్మ ఉంటే ఫెండర్‌లాంటి కంపెనీ ముప్ఫై ఏళ్ల తరువాతైనా అదే పెట్టెను మళ్లీ చేయగలదు. మైకు సెట్టు మెకానిక్ చేతిపనికి అలాంటి బొమ్మ లేదు. పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాడు ఉండాల్సిందే.

అటక మీద అలాంటి పెట్టె ఉంటే గుజిరీ బండి రాకముందే ఓ పాత మెకానిక్‌ను పిలిపించండి. గిటార్ నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టండి. వాల్వు వెలగడానికి ఎలాగూ అర నిమిషం పడుతుంది. మొదటి ప్రశ్న అడగడానికి ఆ టైము చాలు!