ఈ నెల ముచ్చట: వీరుడి కథ మళ్ళీ మొదలైతే?

పిల్లలూ! ఒకే వీరుణ్ణి గురించి ఇద్దరు స్నేహితులు వాదించుకోవటం మీరు చూసే ఉంటారు.

"సూపర్‌మాన్ ఆకాశంలో ఎగురుతాడు," అంటాడు ఒకడు.

"ఎగరలేడు! ఒక్క గెంతులో ఫర్లాంగు దూరం దూకగలడు, అంతే!" అంటాడు రెండోవాడు.

వీళ్ళలో ఎవరి మాట నిజం? చిత్రమేమిటంటే, ఇద్దరిదీ నిజమే. 1938లో అమెరికాలో సూపర్‌మాన్ బొమ్మల కథ మొదటిసారి అచ్చయినప్పుడు అతనికి ఎగరటం రాదు. ఫర్లాంగు దూరం దూకటమే అతని గొప్ప. ఎగిరే శక్తి తరవాత వచ్చింది. పాత పుస్తకం చదివినవాడు ఒకటి చెబుతాడు, కొత్త పుస్తకం చదివినవాడు ఇంకొకటి చెబుతాడు. తగువు మాత్రం తీరదు.

ఇటువంటి వాదాలు ఆ దేశంలో పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా పట్టుదలగా చేస్తారు. ఆ వాదం సంగతి మనం తెలుసుకోవటం అవసరం. ఎందుకంటే, అరకులోయ ఉన్న జిల్లాకు ఎవరి పేరు పెట్టారో, ఆ వీరుడి విషయంలో మనవాళ్ళకూ అటువంటి వాదమే వచ్చింది.

ముందు బొమ్మల కథల మాట చూద్దాం. 1938లో సూపర్‌మాన్‌కు పాతికేళ్ళు అనుకుంటే, ఇప్పటికి అతనికి నూరేళ్ళు దాటాలి. కాని కథలో అతనికి ముసలితనం రాదు. ఏళ్ళు గడిచినకొద్దీ కథలు గుట్టలుగా పేరుకుంటాయి. ఒకదానితో ఒకటి పొసగవు. కొత్తగా చదవబోయే పిల్లవాడికి తలా తోకా అందదు. అందుచేత పుస్తకాలు వేసేవాళ్ళు అప్పుడప్పుడూ, "ఇంతవరకూ జరిగినదంతా జరగలేదనుకోండి. మళ్ళీ మొదటినుంచి చెబుతాం," అంటారు. దీనికి రీబూట్ అని పేరు. కంప్యూటర్‌ను ఆపి, మళ్ళీ మొదలుపెట్టటాన్ని కూడా రీబూట్ అనే అంటారు.

ఫ్లాష్ అనే మరొక వీరుడున్నాడు. మెరుపులాగా పరిగెత్తుతాడు. 1940లో వచ్చిన ఫ్లాష్ పేరు జే గారిక్. కొన్నాళ్ళకు ఆ కథలు ఆగిపోయాయి. 1956లో డీసీ అనే సంస్థ ఫ్లాష్ కథను మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఫ్లాష్ వేరే మనిషి. పేరు బారీ ఆలెన్. మరి పాత ఫ్లాష్ ఏమైనట్టు? 1961లో గార్డ్‌నర్ ఫాక్స్ అనే రచయిత ఒక ఉపాయం ఆలోచించాడు. పాత ఫ్లాష్ ఇంకొక భూమి మీద ఉన్నాడట. కొత్త ఫ్లాష్ చిన్నప్పుడు అతని సాహసాలను బొమ్మల పుస్తకాల్లో చదివాడట! ఇద్దరూ కలుసుకుని, ఒకే పుస్తకంలో పక్కపక్కన పరిగెత్తారు. 1940లో మొదటి ఫ్లాష్ కథ రాసినవాడు కూడా ఈ ఫాక్సే. తన పాత వీరుణ్ణి అతను చెరిపెయ్యలేదు. ఇంకొక ఇల్లు కట్టి అందులో ఉంచాడు.

కాని ఒక భూమికి ఇంకొక భూమి తోడై, అవి లెక్కకు అందకుండా పెరిగిపోయాయి. 1985లో డీసీ వాళ్ళు 12 సంచికల పెద్ద కథ ఒకటి మొదలుపెట్టి, 1986లో ముగించి, ఆ భూములన్నిటినీ ఒకటి చేసేశారు. ఆ కథలో సూపర్‌గర్ల్, అంటే సూపర్‌మాన్‌కు వరసకు చెల్లెలు, లోకాన్ని కాపాడే పోరాటంలో చనిపోయింది. చదివేవాళ్ళు కంటతడి పెట్టుకున్నారు. అయితే అంతకన్న పెద్ద దెబ్బ తరవాత తగిలింది. కథ మళ్ళీ మొదలయ్యేసరికి, అటువంటి అమ్మాయి అసలు పుట్టనే లేదన్నారు! ఆమె చేసిన త్యాగం ఎవరికీ జ్ఞాపకం లేదు. 2004లో గాని ఆమెను కథలోకి మళ్ళీ తీసుకురాలేదు. 2011లో డీసీ వాళ్ళు మరొకసారి కథలు కొత్తగా మొదలుపెట్టి, 52 పత్రికలను ఒకటో సంచికనుంచి వేశారు.

అభిమానుల్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. "మేము చిన్ననాటినుంచి చదివినది జరగలేదంటే ఎలా? మా సూపర్‌గర్ల్ ఏమైపోయింది?" అని ఒక పక్షం. "పాత పుస్తకం మీ బీరువాలోనే ఉందిగా! దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. మాకు కొత్తగా చెప్పనివ్వండి," అని రెండో పక్షం. సూపర్‌మాన్ విషయంలో రెండో పక్షం మాట కొట్టిపారేయటానికి వీల్లేదు. అతను మనుషులు కల్పించిన మనిషి. కల్పించినవాళ్ళు మార్చనూవచ్చు.

ఈ మార్చటం మనకు కొత్త కాదు. 1957లో వచ్చిన "మాయాబజార్" సినిమాలో శశిరేఖా అభిమన్యుల పెళ్ళి చూసి మురిసిపోని తెలుగువాడు లేడు. కాని వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను. భారతం చదివిన పెద్దలు కూడా "మాయాబజార్" చూసి ఆనందించారు. ఏది భారతమో, ఏది దానిపైన అల్లిన కథో వాళ్ళకు తెలుసు గనక వాళ్ళకు చిక్కు రాలేదు.

విశాఖపట్నంనుంచి అరకులోయకు పోయే దారిలో బొర్రా గుహలున్నాయి. అక్కడ సున్నపురాతి స్తంభాలు పైనుంచి వేలాడుతూ, కిందినుంచి లేస్తూ కనిపిస్తాయి. వాటిని ఎవరూ చెక్కలేదు. వాననీరు మట్టిలోనుంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. ఆ నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుహ కప్పుకు చేరి చుక్కగా నిలిచినప్పుడు అందులోని వాయువు గాలిలో కలిసిపోతుంది. పిసరంత సున్నం మిగులుతుంది. ఇలా చుక్కమీద చుక్క, పొరమీద పొర చేరి స్తంభం అవుతుంది. శాస్త్రజ్ఞులు అటువంటి రాతిని అడ్డంగా కోసి, ఏ పొర ఎప్పుడు ఏర్పడిందో చెప్పగలరు.

కథ కూడా ఇలాగే పొరలుగా పెరుగుతుంది. పైపొర మిలమిల మెరుస్తుంది. అందరికీ కనిపించేది అదే. అడుగున ఏమున్నదో తెలుసుకోవాలంటే పొరలు విడదీసి చూడాలి.

ఇప్పుడు మన వీరుడి సంగతికి వద్దాం. 2022 మార్చి 25న "ఆర్ఆర్ఆర్" అనే సినిమా విడుదలయింది. సరిగా పది రోజులకు, ఏప్రిల్ 4న, పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకులోయ ఆ జిల్లాలోదే. సినిమాలోని రామరాజు 1920 ప్రాంతంలో ఢిల్లీలో తెల్లవాళ్ళ కొలువులో పోలీసు అధికారి. ఆదిలాబాదు అడవుల గోండు వీరుడు కొమరం భీమ్ అతనికి ప్రాణస్నేహితుడు. నిజానికి వీళ్ళిద్దరూ కలుసుకున్నట్టు చరిత్రలో లేదు. భీమ్ పోరాడినది నిజాం పాలనతో. ఆయన 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు విడిచాడు. ఈ వీరులు యౌవనంలో కొంతకాలం ఇల్లు విడిచి తిరిగారనీ, ఆ ఖాళీలో తాను ఈ కథ ఊహించాననీ దర్శకుడు రాజమౌళి చెప్పాడు. ఇది కల్పన అని సినిమా మొదట్లోనే రాసి చూపారు.

అయినా వాదం రేగింది. "మన వీరుడికి పోలీసు దుస్తులు వేస్తారా?" అని కొందరు, "కల్పన అని ముందే చెప్పారుగా! ఈ సినిమా వల్లనే ప్రపంచమంతా ఆయన పేరు విన్నది," అని మరికొందరు. వీళ్ళలో పెద్దవాళ్ళు 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" సినిమాను తలుచుకున్నారు. చాలామంది తెలుగువాళ్ళకు రామరాజు అంటే అందులోని కృష్ణ ముఖమే గుర్తుకు వస్తుంది. అయితే ఆ సినిమాలో కూడా సీత అనే అమ్మాయి ప్రేమ వంటి కల్పనలున్నాయి. అదీ ఒక పొరే.

మరి అడుగు పొర ఏది?

సీతారామరాజు 1897 జులై 4న పుట్టాడు. ఆయన మన్యానికి వచ్చేసరికి కొండవాళ్ళు కష్టాల్లో ఉన్నారు. 1882నాటి మద్రాసు అడవుల చట్టం వల్ల వాళ్ళ పోడు వ్యవసాయానికి అడ్డంకులు ఏర్పడ్డాయి. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ అనేవాడు నర్సీపట్నంనుంచి లంబసింగి దాకా రోడ్డు వేయిస్తూ, కొండవాళ్ళచేత గొడ్డుచాకిరీ చేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న రామరాజు సుమారు 300 మందితో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తాము తీసుకున్న తుపాకుల లెక్కను స్టేషను పుస్తకంలో రాసి సంతకం కూడా పెట్టాడు! రెండేళ్ళకు కొంచెం తక్కువ కాలం పోరాటం సాగింది. 1924 మే 7న ఆయనను కొయ్యూరులో కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఈ పొరలో రామరాజు ఒంటరిగా లేడు. గాం గంటందొర, గాం మల్లుదొర అనే అన్నదమ్ములు ఆయనకు కుడిభుజాలు. వీరయ్యదొర అనే నాయకుడు రాజవొమ్మంగి స్టేషనులో ఖైదీగా ఉంటే, ఆ దాడిలో విడిపించారు. రామరాజు పోయిన కొద్దికాలానికే గంటందొర కూడా పోరాటంలో చనిపోయాడు. మల్లుదొర పట్టుబడి, ఏళ్ళతరబడి శిక్ష అనుభవించి బయటికి వచ్చాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు ఆయన విశాఖపట్నంనుంచి ఎన్నికయాడు. తెల్లవాళ్ళ స్టేషన్ల మీద దాడి చేసిన కొండమనిషి ఢిల్లీకి పోయి పార్లమెంటులో కూర్చున్నాడు! ఏ బొమ్మల కథకూ తీసిపోని సంగతి ఇది. అయినా దీన్ని ఎరిగినవాళ్ళు ఎందరు?

కథ మళ్ళీ మొదలైనప్పుడల్లా వీరుడికి లోటు రాదు. అతనికి కొత్త బట్టలు, కొత్త గుర్రం, కొత్త స్నేహితులు దొరుకుతారు. రాలిపోయేది పక్కన నిలబడినవాళ్ళు. "ఆర్ఆర్ఆర్" కథ ఢిల్లీకి పోయింది గనక, అందులో గంటందొరకు, మల్లుదొరకు పని లేకపోయింది. సూపర్‌గర్ల్‌ను చెరిపేస్తే, ఆమెను తిరిగి తెమ్మని అడగటానికి పుస్తకాలు చదివిన అభిమానులున్నారు. మల్లుదొరను మరిచిపోతే అడిగేవాళ్ళు ఎవరు?

"పాత పుస్తకం మీ బీరువాలోనే ఉందిగా" అన్న మాట ఇక్కడ సగమే నిజం. బీరువా తెరిచి చదివినవాడికే ఆ మాట వర్తిస్తుంది. తెరవనివాడికి పైపొరే చరిత్ర అయిపోతుంది. అంతమాత్రాన సినిమా చూడవద్దని ఎవరూ అనరు. ఉత్సాహంగా చూడండి, ఈలలు వెయ్యండి. ఇంటికి వచ్చాక బీరువా తెరవండి.

ఈ నెల మీకొక పని. నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి, అడ్డగీతలతో నాలుగు అరలు చెయ్యండి. అన్నిటికన్న కింద, తేదీలతో సహా రుజువైన సంగతులు రాయండి. దానిపైన, మీ తాతా అమ్మమ్మా చెప్పినవి రాయండి. ఆ పైన 1974 సినిమాలో చూసినవి, అన్నిటికన్న పైన 2022 సినిమాలోవి. మన్యంలో ఉండే పిల్లలకు రెండో అర నిండటానికి ఎక్కువసేపు పట్టదు. వాళ్ళ ఇళ్ళలో పెద్దలు చెప్పుకునే సంగతులు చాలా భాగం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

రాయటం అయ్యాక కింది అరలో ఎన్ని పేర్లున్నాయో, పై అరలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి. రాలిపోయిన పేర్లను ఈసారి కథ చెప్పేటప్పుడు మీరే మళ్ళీ చేర్చండి.