వత్తు తెగితే పేజీ చెడినట్టే

భారతీయ భాషల వెబ్‌సైట్లలో అక్షరాలు విరగకుండా చూసే పనిముట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. కరవైంది వాటిని వాడే శ్రద్ధే. లిపి పాఠాలను ఒకప్పుడు సీసంతో నేర్చుకున్న కోల్‌కతాకు ఈ సంగతి కొత్త కాదు.

కోల్‌కతా పేరును తెలుగులో టైపు చేసేటప్పుడు 'ల్' తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. అది లేకపోతే 'క' వత్తుగా మారి 'ల' కిందికి చేరుతుంది. నగరం పేరు 'కోల్కతా' అయి కూర్చుంటుంది. కొన్ని వెబ్‌సైట్ల ఫారాలు అనవసరమైన వాటిని ఏరిపారేసే క్రమంలో ఈ గుర్తును కూడా ఊడ్చేస్తాయి. బెంగాలీకీ ఈ బెడద తప్పలేదు. 'ర్యాలీ' వంటి మాటల్లో 'ర' పక్కన యవత్తు నిలవాలంటే అక్కడా ఇలాంటి అదృశ్య గుర్తే కావాలి. అది పోతే 'ర' కాస్తా చిన్న గీతగా మారి 'య' నెత్తికెక్కుతుంది.

అర్థమైతే చాలదా, అక్షరం ఎలా ఉంటే ఏం అనుకోవడానికి లేదు. పరీక్ష దరఖాస్తులో, బ్యాంకు ఖాతాలో, ఆసుపత్రి చీటీలో ఒకే పేరు మూడు రకాలుగా పడితే కౌంటర్ల చుట్టూ తిరగాల్సింది ఆ పేరుగల మనిషే.

సాల్ట్‌లేక్ ఐదో సెక్టార్, న్యూటౌన్ కార్యాలయాల్లో పనిచేసే ఫ్రంట్ ఎండ్ డెవలపర్లకు, అంటే వెబ్‌సైట్‌లో మన కంటికి కనిపించే భాగాన్ని తయారు చేసేవారికి, హెచ్‌టిఎంఎల్, సిఎస్ఎస్, జావాస్క్రిప్ట్ కొట్టిన పిండి. కానీ ఆ విద్యలు పుట్టింది ఇంగ్లీషు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని. అక్కడ ఒక అక్షరానికి ఒక గడి. బెంగాలీలో, తెలుగులో హల్లు, పొల్లు, వత్తు, గుణింతం అన్నీ కలిస్తే ఒక రూపం. ఇంగ్లీషు పేజీకి సరిపోయిన కొలతలు ఇక్కడ సరిపోవు.

సీసం చెప్పిన పాఠం

ఈ చిక్కును కోల్‌కతా పరిసరాలు ఎప్పుడో ఎదుర్కొన్నాయి. 1778లో హుగ్లీలో అచ్చయిన హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం కోసం చార్లెస్ విల్కిన్స్, పంచానన్ కర్మకార్ కలిసి బెంగాలీ అచ్చు అక్షరాలు తయారు చేశారు. తర్వాత పంచానన్ సెరంపూర్‌లో విలియం కేరీ బృందం 1800లో నెలకొల్పిన మిషన్ ముద్రణాలయంలో చేరారు. ఆయన అనంతరం అల్లుడు మనోహర్ ఆ పని కొనసాగించారు. హుగ్లీ నది ఒడ్డున, అప్పట్లో డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న ఈ ఊరికి తెలుగుతోనూ సంబంధం ఉంది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే వెలువడ్డాయి.

వెబ్ డెవలపర్లు గుర్తుంచుకోవలసిన ఘట్టం ఈ రెంటికీ ముందు జరిగింది. 1812 మార్చి 11న జరిగిన అగ్నిప్రమాదంలో సెరంపూర్ ముద్రణాలయం కాలిపోయింది. పలు లిపుల అచ్చు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. అయితే అక్షరాలను పోతపోసే పంచ్‌లు, మాత్రికలు శిథిలాల కింద మిగిలాయి. కరిగిన లోహంతోనే మళ్లీ అక్షరాలు పోశారు. మూలం భద్రంగా ఉంటే రూపాన్ని ఎన్నిసార్లయినా తయారు చేసుకోవచ్చు.

ఫాంటుతోపాటే పాఠం

1990ల చివర్లో భారతీయ భాషా పత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు జరిగింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు, బెంగాలీ రూపాలు తొడిగారు. ఆ ఫాంటు కంప్యూటర్‌లో లేని పాఠకుడికి కనిపించింది పిచ్చి గీతలే. సెర్చ్ ఇంజన్‌కు ఆ వార్తలు దొరకలేదు. ఫాంటు మూలపడితే పాత సంచికలు కూడా చదవడానికి పనికిరాకుండా పోయాయి.

ప్రతి లిపికీ సొంత సంకేతాలిచ్చిన యూనికోడ్ ఆ పరిస్థితిని మార్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తెలుగుకు గౌతమి ఫాంటునిచ్చింది. 2004 నాటి రెండో సర్వీస్ ప్యాక్‌తో బెంగాలీకి వృందా వచ్చింది. బెంగాలీలో విడి అక్షరంగా వాడే 'ఖండ త'కు ప్రత్యేక సంకేతం 2005లో యూనికోడ్ 4.1తో గానీ దక్కలేదు. ఇప్పుడు యూనికోడ్ పాఠం మాత్రిక వంటిది. ఫాంటు దాని మీద పోసిన సీసం.

కాబట్టి మొదటి జాగ్రత్త పేజీ తలభాగంలోనే ఉంది. పాఠం యుటిఎఫ్-8లో ఉందని మొదటి 1,024 బైట్లలోపే ప్రకటించాలి. పేజీ ఏ భాషలో ఉందో 'లాంగ్' గుణం ద్వారా చెప్పాలి. బెంగాలీ, అస్సామీ భాషలకు యూనికోడ్‌లో ఒకటే విభాగం కనుక అక్షరాలను చూసి బ్రౌజర్ భాషను పోల్చుకోలేదు. అంధులకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏ భాష గొంతుతో చదవాలో తేల్చుకునేది కూడా ఆ ఒక్క మాటతోనే.

ఫోన్‌ను పడగొట్టిన 'జ్ఞా'

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది. 'జ్ఞా' రూపం, మధ్యలో ఒక అదృశ్య గుర్తుతో సందేశంగా వస్తే ఐఫోన్‌లో ఆ అప్లికేషన్ కుప్పకూలేది. బెంగాలీలోనూ కొన్ని కూర్పులకు అదే గతి పట్టింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపం సరిదిద్దింది.

తెరవెనుక హల్లులను, వత్తులను కలిపి రూపం కట్టే యంత్రాంగం ఎంత సున్నితమైనదో ఆ సంఘటన చూపించింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఈ పనిని హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని డెవలపర్ ముట్టుకోనక్కర్లేదు. దానికి తెగిన ముక్కలు అందించకుండా ఉంటే చాలు.

'స్త్రీ' అనే మాట తీసుకోండి. తెలుగులోనూ బెంగాలీలోనూ కంటికి కనిపించేది ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్ లెక్కలో మాత్రం ఆరు. శీర్షికను ఇన్ని అక్షరాల దగ్గర కత్తిరించు అని ఆదేశిస్తే కత్తి వత్తు మధ్యలో పడవచ్చు. దీనికి మందు 'ఇంటెల్ సెగ్మెంటర్' అనే సదుపాయం. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125 కూడా దాన్ని చేర్చుకోవడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ అది అందింది. 2023 నాటి యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం తెలుగు, బెంగాలీ సంయుక్తాక్షరాలను విడదీయకూడదు. పాత బ్రౌజర్లలో మాత్రం 'స్', 'త్', 'రీ' అని మూడు ముక్కలు కావచ్చు. అందుకే కోయడం కంటే వాక్యాన్ని రెండో వరుసలోకి వెళ్లనివ్వడం మేలు.

ముందు చూసుకోవలసినవి

ఫారాల్లో తరచూ దొర్లే తప్పు మరొకటుంది. పేరు గడిలో 'అక్షరాలు మాత్రమే' అని నిబంధన పెడతారు. యూనికోడ్ వర్గీకరణలో గుణింతాలు, పొల్లు 'అక్షరాలు' కావు, 'గుర్తులు'. దాంతో 'రమ' పేరు చెల్లుతుంది, 'సీత' పేరు చెల్లదు. నిబంధనలో గుర్తుల వర్గాన్ని, ఆ రెండు అదృశ్య గుర్తులను కూడా చేర్చాలి.

వెతుకులాటలో మరో తిరకాసు. బెంగాలీలో కింద చుక్క ఉన్న 'య'ను ఒకే సంకేతంగానూ రాయవచ్చు, 'య'కు చుక్క జోడించీ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేర్వేరు. ఒకరు ఒక పద్ధతిలో నమోదు చేసిన పేరును ఇంకొకరు మరో పద్ధతిలో వెతికితే 'దొరకలేదు' అనే జవాబే వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోని 'నార్మలైజ్' ఆదేశం రెంటినీ ఒకే రూపానికి తెస్తుంది. దాచేటప్పుడు, వెతికేటప్పుడు రెండుసార్లూ వాడాలి.

ఇక అందం సంగతి. ఇంగ్లీషు శీర్షికలకు అక్షరాల మధ్య ఎడం పెంచడం ఒక అలంకారం. బెంగాలీలో అది అంగవైకల్యం. అక్షరాలను కలుపుతూ పైన సాగే 'మాత్ర' గీత ముక్కలవుతుంది. తెలుగుకు సమస్య నిలువుగా వస్తుంది. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కనుక వరుసల మధ్య ఎత్తు 1.2 చాలదు. 1.6 లేదా 1.7 పెట్టి చూడాలి. బొత్తాలకు, మెనూలకు కచ్చితమైన ఎత్తు బిగించి, మించినదాన్ని దాచేస్తే ముందుగా మాయమయ్యేది వత్తే.

ఫాంటు విషయంలో పొదుపు ముఖ్యం. సంయుక్తాక్షరాల వల్ల మన భాషల ఫాంటు ఫైళ్లు బరువుగా ఉంటాయి. 2018లో ప్రామాణికమైన వాఫ్-2 రూపంలో పెడితే బరువు తగ్గుతుంది. 'యూనికోడ్ రేంజ్' ద్వారా ఏ లిపికి ఏ ఫైలో చెబితే పేజీలో ఉన్న లిపి ఫాంటునే బ్రౌజర్ దించుకుంటుంది. 'ఫాంట్ డిస్‌ప్లే'కు 'స్వాప్' విలువ ఇస్తే అసలు ఫాంటు వచ్చేదాకా ఫోన్‌లో ఉన్న ఫాంటుతో పాఠం కనిపిస్తుంది. చదివేవారికి ఖాళీ తెర కంటే అదే నయం. ఫైలును ఇంకా చిక్కగొట్టాలనుకుంటే ఫాంట్‌టూల్స్ అనే ఉచిత పనిముట్టు ఉంది. అయితే సంయుక్తాక్షరాల నియమాల పట్టికను కూడా తీసేస్తే 'క్ష' విడిపోయి 'క్‌ష' అవుతుంది. కోతకు ముందూ తర్వాతా సరిచూడాలి.

సరిచూడటానికి ఖర్చేమీ లేదు. ఏ మాట ఏ ఫాంటులో పడిందో ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌ల డెవలపర్ టూల్స్ చూపిస్తాయి. నెట్‌వర్క్ వేగాన్ని కావాలని తగ్గించి పేజీ ఎలా తెరుచుకుంటుందో చూడవచ్చు. అక్షరాలను 200 శాతం పెంచి ఏవి తెగుతున్నాయో గమనించవచ్చు. తర్వాత చవక రకం ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి చేతిలోకి తీసుకోవాలి. నమూనా పేజీల్లో అర్థం లేని లాటిన్ వాక్యాలు నింపే అలవాటు మాని 'స్త్రీ', 'క్ష', 'జ్ఞా', 'కోల్‌కతా' వంటి మాటలు పెడితే సగం తప్పులు మొదటి రోజే బయటపడతాయి.

పంచానన్ కర్మకార్ ఒక అక్షరం తప్పిందని తెలిస్తే ఉక్కు మీద మళ్లీ చెక్కాల్సి వచ్చేది. నేటి డెవలపర్ మార్చాల్సింది సిఎస్ఎస్‌లో ఒక వరుస. ఆ మాత్రం శ్రమకు ఫలం, ఎక్కడో ఒకరి పేరు దరఖాస్తులో సరిగ్గా పడటం.